రివర్స్ కాంటాక్టర్ మాటిమాటికీ అతుక్కుపోతోంది, ఎంత సైజు పెట్టమంటారు?

ప్రశ్న: నేను చిన్న చిన్న ప్యానెల్స్ కడుతుంటానండి. ఒక స్క్రూ కన్వేయర్‌కి 7.5 కిలోవాట్ మోటార్, 415 వోల్టులు, నేమ్‌ప్లేట్ మీద 14 ఆంప్స్. ఫార్వర్డ్ రివర్స్ స్టార్టర్ కట్టిచ్చాను, రెండూ 18 ఆంప్ ఏసీ-3 కాంటాక్టర్లు (కాయిల్ లాగితే మోటార్ సప్లైని కలిపి, వదిలితే తెంపే స్విచ్‌లు), మధ్యలో మెకానికల్ ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి మూసుకోకుండా అడ్డుపడేది) ఉంది, కాయిల్స్ 110 వోల్ట్ ఏసీ, కంట్రోల్ అంతా పీఎల్‌సీ (ప్రోగ్రామ్‌తో నడిచే కంట్రోలర్) నుంచే. సరుకు ఇరుక్కున్నప్పుడు ఆపరేటర్ స్టాప్ కొట్టి వెంటనే రివర్స్ బటన్ ఏడెనిమిది సార్లు టకటకా నొక్కి వదులుతాడు, తర్వాత మళ్ళీ ఫార్వర్డ్. షిఫ్టుకి ఇరవై సార్లన్నా జరుగుద్ది, రెండు షిఫ్టులు. ఆర్నెల్లలో రివర్స్ కాంటాక్టర్ రెండుసార్లు అతుక్కుపోయింది, ఫార్వర్డ్‌ది మాత్రం బానే ఉంది. 25 ఆంప్ పెడితే సరిపోద్దా? మెకానికల్ ఇంటర్‌లాక్, పీఎల్‌సీ ఇంటర్‌లాక్ రెండూ ఉన్నప్పుడు ఎన్‌సీ కాంటాక్టులతో (కాంటాక్టర్ వదిలి ఉన్నప్పుడు మూసుకుని ఉండేవి) మళ్ళీ వైరింగ్ అవసరమా? ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంటే ఆపేసేది) ఒకటి చాలా, రెండు కావాలా? మోటార్ టెర్మినల్ బాక్స్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ముందు నుంచే ఉంది, దాన్ని అలాగే ఉంచేశాను.

సమాధానం: ముందు ఒక మాట చెప్పాలండి, చాలామంది మోటార్ ఎంత, కాంటాక్టర్ ఎంత అని రెండు అంకెలు రాసి ఊరుకుంటారు, మీరు ఆపరేటర్ చెయ్యి ఎలా కదులుతుందో కూడా రాశారు, నాకు సగం సమాధానం అక్కడే దొరికింది. మిగతా సగం మీరు చివర్లో తోక లాగా తగిలించిన కెపాసిటర్ లైన్లో ఉంది, దాని దగ్గరికి వస్తా, ముందు బటన్ సంగతి చూద్దాం.

మీ 18 ఆంప్ అంకె తప్పు కాదు, అది ఏ పనికి ఇచ్చిన అంకె అనేదే మీరు చూడలేదు. ఏసీ-3 అంటే మోటార్‌ని నిలబడ్డ దగ్గర్నుంచి స్టార్ట్ చెయ్యడం, స్పీడు అందుకున్నాక తిరుగుతుండగా ఆపడం. స్టార్ట్ అప్పుడు కరెంటు ఆరు రెట్లు వస్తది, దాన్ని కాంటాక్టర్ మూసుకుంటూ మోస్తది, కానీ తెరుచుకునేటప్పుడు తెంపాల్సింది మామూలు 14 ఆంపులే, పైగా తిరుగుతున్న మోటార్‌లో ఎదురు వోల్టేజ్ ఉంటది కాబట్టి తెరుచుకునే కాంటాక్టుల మధ్య సప్లై వోల్టేజ్‌లో ఆరో వంతు మాత్రమే పడుద్ది, కాంటాక్టర్ల స్టాండర్డ్ ఐఈసీ 60947-4-1 లో ఏసీ-3 లైఫ్ టెస్టుకి కూడా 17 శాతమే తీసుకుంటారు. అంటే ఆర్క్ చిన్నది, చటుక్కున ఆరిపోద్ది, కాంటాక్టర్ లక్షల సార్లు హాయిగా పనిచేస్తది.

ఇప్పుడు మీ ఆపరేటర్ చేసేది చూడండి. రివర్స్ నొక్కాడు, మోటార్ ఇంకా కదలబోతోంది, కరెంటు 14 కి ఆరు రెట్లు అంటే 84 ఆంపుల దగ్గరుంది, అప్పుడే వదిలేశాడు. కాంటాక్టర్ ఆ 84 ఆంపుల్ని, అదీ పూర్తి వోల్టేజ్ మీద తెంపాలి. మళ్ళీ నొక్కాడు, అంతకుముందు ఆర్క్‌కి కాలి ఇంకా వేడిగా ఉన్న టిప్స్ (కాంటాక్టుల కొసలు) మీద మళ్ళీ 84 ఆంపులు. దీన్నే ఏసీ-4 అంటారు, ఇంచింగ్ (టకటకా నొక్కి కొంచెం కొంచెం కదపడం), ప్లగ్గింగ్ (తిరుగుతున్న మోటార్‌ని ఎదురు సప్లైతో ఆపడం), తిరుగుతుండగా రివర్స్ కొట్టడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఏసీ-3 కాంటాక్టర్‌తో అస్సలు ఇంచింగ్ చెయ్యకూడదని కాదు, మెషిన్ సెట్టింగ్ లాంటి వాటికి అప్పుడప్పుడు చేసుకోవచ్చని స్టాండర్డ్ ఒప్పుకుంటది, కాకపోతే నిమిషానికి 5 సార్లు, 10 నిమిషాల్లో 10 సార్లు దాటకూడదు అంటది. మీవాడు ఒక్క జామ్‌కే అర నిమిషంలో ఎనిమిది కొట్టేస్తున్నాడు!

ఫార్వర్డ్ కాంటాక్టర్ ఎందుకు బాగుందో కూడా ఇందులోనే తేలిపోయింది. దానికి రోజంతా ఏసీ-3 బతుకే, ఎత్తుకున్నాక స్పీడులో ఉండగానే వదుల్తది, మహా అయితే ఇరుక్కున్నప్పుడు కొంచెం ఎక్కువ కరెంటు. రెండూ ఒకే సైజు, ఒకే రోజు బిగించారు, అయినా ఒకటి బాగుండి ఒకటి కాలిపోయిందంటే పీసు నాసిరకం అనుకోకండి, దాని చేత చేయించే పని వేరు.

అయితే 25 ఆంప్ పెడితే? కొంత కాలం ఎక్కువ నిలబడుద్ది, అంతవరకే చెప్పగలను. సైజు ఒక మెట్టు పెంచడం అనేది ఊహ, లెక్క కాదు. లెక్క ఇలా ఉంటది: రోజుకి ఎనిమిది ఇంటూ ఇరవై ఇంటూ రెండు, 320 నొక్కుళ్ళు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 96,000, లక్ష అనుకోండి. కంపెనీ వాళ్ళ కేటలాగ్‌లో ప్రతి కాంటాక్టర్ సిరీస్‌కి ఏసీ-4 లైఫ్ కర్వ్ అని ఒక గ్రాఫ్ ఉంటది, ఒక పక్క తెంపే కరెంటు, ఇంకో పక్క ఎన్నిసార్లు అనేది. 84 ఆంపుల దగ్గర గీత గీయండి, రెండేళ్ళు మార్చకుండా నడవాలంటే 2 లక్షల దగ్గర ఇంకో గీత, ఆ రెండూ కలిసిన చోటుకి పైనున్న సైజు మీది. చాలా సిరీసుల్లో ఇది 32, 40 ఆంప్ ఫ్రేమ్ దగ్గర తేలొచ్చని నా అంచనా, కానీ కర్వ్ తీసి చూడకుండా నా మాట పట్టుకుని ఆర్డర్ పెట్టొద్దు, ఎందుకంటే ఒక సిరీస్‌కీ ఇంకోదానికీ చాలా తేడా ఉంటది. కొన్ని కేటలాగుల్లో ఏసీ-4 కి కూడా పెద్ద అంకె కనపడి ముచ్చటేస్తది, దాని కింద చిన్న అక్షరాల్లో ఎన్ని ఆపరేషన్లకి అని ఉంటది చూడండి, అక్కడుంటది అసలు విషయం. నెమా (అమెరికా స్టాండర్డ్) సైజుల్లో అయితే ఇదే సంగతి సూటిగా టేబుల్లోనే పెట్టేశారు, సైజ్ 1 స్టార్టర్ 460 వోల్టుల దగ్గర మామూలు పనికి 10 హెచ్‌పీ, ప్లగ్గింగ్, జాగింగ్ (ఇంచింగ్‌కే ఇంకో పేరు) పనికి 5 హెచ్‌పీ, అంటే సరిగ్గా సగం. మీ మోటార్ 10 హెచ్‌పీయే కదా, అక్కడ అయితే మీకు సైజ్ 2 కి వెళ్ళమని టేబుల్ చెప్పేసేది.

మోటార్ ఐఈ3 (ఎక్కువ ఎఫిషియెన్సీ రకం) అయితే ఆరు రెట్లు అని నేను వేసిన లెక్క కూడా తక్కువే అవ్వొచ్చు, ఈ కొత్త మోటార్లు స్టార్టింగ్‌లో ఏడు, ఎనిమిది రెట్లు కూడా లాగుతాయి, వాటి కోసమే ఏసీ-3ఈ అని వేరే కేటగిరీ వచ్చింది. మోటార్ డేటాషీట్‌లో లాక్డ్ రోటర్ కరెంటు (రోటర్ కదలకుండా ఉన్నప్పుడు లాగేది) ఎంతో చూసి ఆ అంకెతోనే గీత గీయండి.

ఇంకోటి, పెంచితే రెండిటినీ పెంచాలి. ఫార్వర్డ్‌కి 18 చాలు కదా అని ఒకటి చిన్నది ఒకటి పెద్దది పెడితే చాలాసార్లు మెకానికల్ ఇంటర్‌లాక్ కిట్ కూర్చోదు, లింక్ కిట్ (రెండు కాంటాక్టర్లనీ కలిపే రెడీమేడ్ వైరింగ్) కూడా కూర్చోదు.

ఇంతా చెప్పి ఇప్పుడు నేను అసలు ఏం చేస్తానో చెప్పనా, మీ చోట నేనుంటే ముందు బటన్ లాజిక్ మారుస్తా, కాంటాక్టర్ తర్వాత. ఎలాగూ పీఎల్‌సీ ఉంది. ఆపరేటర్ రివర్స్ ఒక్కసారి నొక్కుతాడు, పీఎల్‌సీ ఫార్వర్డ్‌ని వదిలేస్తది, స్క్రూ ఆగేదాకా చూస్తది, అప్పుడు రివర్స్‌ని ఏకబిగిన ఒక నాలుగైదు సెకన్లు నడిపి వదిలేస్తది. బటన్ ఎన్నిసార్లు నొక్కినా మధ్యలో పట్టించుకోదు. దీనివల్ల ఏమైంది, ఎనిమిది నొక్కుళ్ళు ఒకటయ్యాయి, అది కూడా మోటార్ స్పీడు అందుకున్నాక తెంపుతున్నాం కాబట్టి 84 కాదు, 14 ఆంపులే. ఏసీ-4 పని కాస్తా ఏసీ-3 పని అయిపోయింది. నిజంగా గట్టిగా ఇరుక్కుని రివర్స్‌లో కూడా కదలకపోతే పెద్ద కరెంటే తెంపాలి, నిజమే, కానీ అది రోజుకి ఒకటో రెండో. రెండు ప్రయత్నాల్లో కదలకపోతే అలారం ఇచ్చి ఆపేసేలా పెట్టండి, అప్పుడు మనిషి వెళ్ళి సప్లై ఐసొలేట్ చేసి తాళం వేసి మూత తీసి చూస్తాడు. ప్రొడక్షన్ వాళ్ళు మొదట గొణుగుతారు, మాకు టకటకా కొట్టడమే అలవాటు అంటారు, ఒక వారం ఓపిక పట్టండి.

స్క్రూ ఆగడానికి ఎంత టైం పెట్టాలి అంటే గడియారం పట్టుకుని చూడండి, సరుకు ఉన్నప్పుడు గబుక్కున ఆగుద్ది, ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువసేపు తిరుగుద్ది, ఖాళీగా ఉన్నప్పటి టైం మీద ఇంకో సెకను కలుపుకోండి. బరువైన ఫ్లైవీల్, పెద్ద ఫ్యాన్ లాంటి లోడ్ అయితే టైమర్‌ని నమ్మకుండా జీరో స్పీడ్ స్విచ్ పెట్టాలి, మీకు అంత అక్కర్లేదు. తిరుగుతుండగానే రివర్స్ కొడితే కాంటాక్టర్ ఒక్కటే కాదు మోటార్ కూడా దెబ్బ తింటది. నిలబడ్డ దగ్గర్నుంచి ఒకసారి స్టార్ట్ చేస్తే రోటర్‌లో ఎంత వేడి పుడుద్దో, ఫుల్ స్పీడు నుంచి ప్లగ్గింగ్‌తో ఆపడానికే దానికి మూడు రెట్లు పుడుద్ది, ఆపి అటు వైపు మళ్ళీ ఫుల్ స్పీడుకి తెస్తే మొత్తం నాలుగు రెట్లు. అంటే ఒక్క ప్లగ్ రివర్స్ నాలుగు స్టార్టులతో సమానం, గంటకి ఇన్ని స్టార్టులు అని మోటార్ వాళ్ళు ఇచ్చే లిమిట్ ఇలా తెలీకుండానే దాటిపోతది.

ఇక రెండో ప్రశ్న, ఎన్‌సీ ఇంటర్‌లాక్ అవసరమా అని. అవసరమేనండి, ఇందులో బేరం లేదు. మూడు ఇంటర్‌లాకులూ చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి గానీ మూడూ వేరే వేరే ప్రమాదాల్ని ఆపుతాయి. పీఎల్‌సీ ఇంటర్‌లాక్‌కి తను ఏ అవుట్‌పుట్ ఇచ్చిందో తెలుసు, కాంటాక్టర్ నిజంగా వదిలిందో లేదో తెలీదు. మీ రివర్స్ కాంటాక్టర్ అతుక్కుపోయిన రోజు ఏమైందో గుర్తు చేసుకోండి, పీఎల్‌సీ దృష్టిలో రివర్స్ ఆఫ్, ఫార్వర్డ్ ఆన్ చేసేయ్ అంటది. మెకానికల్ ఇంటర్‌లాక్ అడ్డం పడి ఫేజ్ టు ఫేజ్ షార్ట్ కాకుండా కాపాడి ఉంటది, చాలా మంచిది, కానీ ఫార్వర్డ్ కాయిల్‌కి సప్లై వెళ్తూనే ఉంది, ఆర్మేచర్ కూర్చోలేదు. ఏసీ కాయిల్ మూసుకునేలోపు లాగే కరెంటు మూసుకున్నాక పట్టి ఉంచే కరెంటుకి ఎన్నో రెట్లు ఉంటది, సగంలో ఆగిపోతే ఆ పెద్ద కరెంటే అలా పారుతూ కాసేపట్లో కాయిల్ మాడి వాసన వస్తది. అదే ఫార్వర్డ్ కాయిల్‌కి సిరీస్‌లో రివర్స్ కాంటాక్టర్ ఎన్‌సీ ఉంటే, మెయిన్ కాంటాక్ట్ అతుక్కుంది కాబట్టి ఎన్‌సీ మూసుకోదు, కాయిల్‌కి సప్లైయే వెళ్ళదు. కాకపోతే ఆ ఎన్‌సీ మిర్రర్ కాంటాక్ట్ అయ్యుండాలి, అంటే మెయిన్ కాంటాక్ట్ ఒక్కటి అతుక్కున్నా ఎన్‌సీ మూసుకోవడానికి వీల్లేదని కంపెనీ గ్యారంటీ ఇచ్చిన రకం. ముందు తగిలించే ఆక్జిలరీ బ్లాకులు అన్నీ అలాంటివి కావు, డేటాషీట్‌లో ఆ మాట ఉందో లేదో చూసి తీసుకోండి. అలాంటి మిర్రర్ ఎన్‌సీ ఇంకోటి పీఎల్‌సీకి ఫీడ్‌బ్యాక్ ఇన్‌పుట్‌గా ఇస్తే అతుక్కున్న సంగతి ఆపరేటర్ కంటే ముందు మీకే తెలుస్తది.

నా దెబ్బ ఒకటి చెప్తా. చాలా ఏళ్ళ కింద ఒక ప్యానెల్‌లో 24 వోల్ట్ డీసీ కాయిల్స్, నేను కూడా మీలాగే పీఎల్‌సీలో ఇంటర్‌లాక్ రాసి మధ్యలో 50 మిల్లీసెకన్ల గ్యాప్ పెట్టి ఎన్‌సీ వైరింగ్ ఎగ్గొట్టా, మెకానికల్ కూడా పెట్టలేదు, కుర్రతనం. నెలరోజులు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఎవరో పీఎల్‌సీ అవుట్‌పుట్ కార్డు పాడవకుండా అని కాయిల్స్ మీద డయోడ్లు కట్టారు, ఆ రోజు నుంచి రివర్స్ కొట్టినప్పుడల్లా కాదు, ఎప్పుడో ఒకసారి ఫ్యూజులు ఎగిరిపోవడం. రెండు రోజులు మోటార్‌ని మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్ట్) చేస్తూ కూర్చున్నా, మోటార్‌లో ఏం లేదు. డయోడ్ కడితే కాయిల్‌లో కరెంటు నెమ్మదిగా తగ్గుద్ది, కాంటాక్టర్ వదిలే టైం కొన్ని రెట్లు పెరిగిపోద్ది, నా 50 మిల్లీసెకన్లు ఎటూ సరిపోలేదు, ఫార్వర్డ్ ఇంకా పట్టుకునే ఉండగా రివర్స్ మూసుకుంటోంది. మీవి ఏసీ కాయిల్స్ కాబట్టి ఈ గొడవ లేదు, రేపు డీసీకి మారితే మాత్రం ఊరికే డయోడ్ కట్టకుండా వేరిస్టర్ గానీ జీనర్ ఉన్న రకం గానీ వాడండి.

కాయిల్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చూస్కోండి. కాంటాక్టులు అరగడం తెరుచుకునేటప్పుడు ఎక్కువ, అతుక్కోవడం మాత్రం మూసుకునేటప్పుడు ఎక్కువ, టిప్స్ ఒకదాని మీద ఒకటి ఎగిరి ఎగిరి పడే ఆ కొన్ని మిల్లీసెకన్లలో పెద్ద కరెంటు ఉంటే వెండి మిశ్రమం కరిగి పట్టేస్తది. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే కాయిల్ లాగే క్షణంలో 110 వోల్టులు కుంగి కాంటాక్టర్ చెటచెట కొట్టుకుంటది, ఒక్క నొక్కుడికి ఐదారు మూసివేతలు. రేటెడ్ వోల్టేజ్‌లో 85 శాతం దాకా తగ్గినా కాంటాక్టర్ శుభ్రంగా లాగాలి, అంటే మీకు 93.5 వోల్టులు. రివర్స్ లాగేటప్పుడు కాయిల్ టెర్మినల్స్ దగ్గరే మీటర్ పెట్టి మినిమమ్ రీడింగ్ చూడండి. రేపు పెద్ద ఫ్రేమ్ పెడితే కాయిల్ కూడా పెద్దదవుద్ది, పాత ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోస్తదో లేదో ముందే లెక్క చూస్కోండి, ఇది మర్చిపోయి కొత్త కాంటాక్టర్‌ని తిట్టుకునేవాళ్ళు బోలెడుమంది.

నల్లబడిన టిప్స్‌ని ఎమరీ పేపర్‌తో రుద్దే అలవాటుంటే మానేయండి. ఆ నలుపు వల్ల నష్టం లేదు, మీరు గీకేసేది ఖరీదైన వెండినే.

ఓవర్‌లోడ్ రిలే ఒక్కటి చాలు, రెండు కాంటాక్టర్ల అవుట్‌పుట్ కలిసిన తర్వాత మోటార్‌కి వెళ్ళే దారిలో. ఫేజ్ తిప్పడం ఒక వైపే చెయ్యండి, పైన తిప్పి కింద కూడా తిప్పితే రెండూ కొట్టేసుకుని రెండు బటన్లకీ ఒకే వైపు తిరుగుద్ది, నవ్వకండి, లింక్ కిట్ వాడుతూ అలవాటుగా చేత్తో కూడా తిప్పేసిన కేసులు చూశాను. అయితే ఓవర్‌లోడ్ రిలే ఇలాంటి టకటక పనిలో మోటార్ లోపలి వేడిని సరిగ్గా పసిగట్టలేదు, దాని బైమెటల్ వేడెక్కే చల్లారే తీరు వేరు, వైండింగ్ తీరు వేరు. మోటార్‌లో పీటీసీ థర్మిస్టర్ (వైండింగ్ వేడిని పసిగట్టే సెన్సర్) వైర్లు ఉంటే టెర్మినల్ బాక్స్‌లో ఊరికే వదిలేయకుండా ఒక థర్మిస్టర్ రిలే పెట్టి కలుపుకోండి. షార్ట్ సర్క్యూట్‌కి పెట్టిన ఎమ్‌పీసీబీ (మోటార్ బ్రేకర్) గానీ ఫ్యూజ్ గానీ కొత్త కాంటాక్టర్‌తో టైప్ 2 కోఆర్డినేషన్ (షార్ట్ అయ్యాక కూడా కాంటాక్టర్ మళ్ళీ పనికొచ్చేలా ఉండే జత) టేబుల్లో జతగా ఉందో లేదో కూడా ఓసారి చూడండి.

ఇక కెపాసిటర్. మీ రెండు కాంటాక్టర్ల చావులో దీని చెయ్యి పెద్దదే అని నాకు గట్టి అనుమానం. మోటార్ టెర్మినల్స్ మీదే కెపాసిటర్ ఉంటే ఫార్వర్డ్ కాంటాక్టర్ వదిలాక కూడా మోటార్ చచ్చిపోదు, తిరుగుతున్న రోటర్‌కి కెపాసిటర్ ఎక్సైటేషన్ ఇస్తూ జనరేటర్ లాగా వోల్టేజ్‌ని నిలబెడుద్ది. స్పీడు తగ్గేకొద్దీ ఆ వోల్టేజ్ తగ్గుద్ది గానీ వెంటనే పోదు. ఆ లోపే రివర్స్ మూసుకుంటే సప్లై ఒక వైపు, టెర్మినల్స్ మీద మిగిలిన వోల్టేజ్ ఇంకో వైపు, రెండూ ఢీకొన్న ఆ మొదటి దెబ్బలో వచ్చే కరెంటు మనం ఇందాక లెక్కేసిన 84 ని ఎక్కడికో దాటిపోతది, షాఫ్ట్ మీద కూడా సుత్తితో కొట్టినట్టు టార్క్ పడుద్ది. పైగా టకటకా నొక్కిన ప్రతిసారీ అదే తంతు. ఇంచింగ్, ప్లగ్గింగ్, రివర్సింగ్ చేసే మోటార్‌కి టెర్మినల్స్ మీద కెపాసిటర్ పెట్టకూడదు. దాన్ని తీసేసి మెయిన్ బస్ దగ్గరుండే కెపాసిటర్ బ్యాంకులో దాని సొంత కాంటాక్టర్‌తో కలపండి, తీసేముందు సప్లై ఆపి ఆగాల్సినంతసేపు ఆగి మీటర్‌తో చూసి మరీ ముట్టుకోండి.

తీశాక ఓవర్‌లోడ్ సెట్టింగ్ మర్చిపోవద్దు. ఇన్నాళ్ళూ కెపాసిటర్ రిలేకి కింద ఉంది కాబట్టి రిలే గుండా పారిన కరెంటు మోటార్ కరెంటు కంటే తక్కువ, దానికి తగ్గట్టు డయల్ ఎవరైనా 12 కో 13 కో తిప్పి ఉంటే, కెపాసిటర్ పోయిన మరుక్షణం నుంచి ఫుల్ లోడ్ మీద ఊరికే ట్రిప్ అవుతా ఉంటది, మీరు కొత్త కాంటాక్టర్‌నో మోటార్‌నో అనుమానిస్తారు. డయల్‌ని నేమ్‌ప్లేట్ మీదున్న 14 దగ్గర పెట్టి, క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ ఫార్వర్డ్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి చూసి రాసుకోండి.